మందు కనిపెట్టే చదువేనా?

ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒకచోట పెట్టి జవాబు వ్రాయటం మంచిదనిపించింది. ఒకటి జగిత్యాల నుంచి, ఒకటి కోరుట్ల నుంచి, మూడోది సిరిసిల్ల నుంచి. వ్రాసినవారు ఒకరినొకరు ఎరగరు. అయినా ముగ్గురి ఇళ్ళలోనూ నలుగుతున్నది ఒకే సంగతి: కాన్సర్ బయాలజీలో ఎమ్మెస్సీ చదవటం.

జగిత్యాల నుంచి వ్రాసినాయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారమ్మాయి బి.యస్సీ మొదటి తరగతిలో ప్యాసైంది. కాన్సరు గురించి చదువుతానని పట్టుబట్టింది. “డాక్టరు సీటు రాలేదు గనుక ఇది పట్టుకున్నదని చుట్టాలు అంటున్నారు. డాక్టరు కాని మనిషికి కాన్సరుతో పనేమిటి? సంబంధాలు చూస్తున్నాము. ఇంకా రెండేళ్ళు ఆగమంటారా?” అని వారి ప్రశ్న.

కోరుట్ల నుంచి వ్రాసిన తల్లి బీడీలు చుడతారు. భర్త పన్నెండేళ్ళుగా దుబాయిలో ఉన్నారు. కొడుక్కి అమెరికాలో ఈ చదువుకే సీటు వచ్చింది. ఫీజు కట్టాలంటే ఇంటిజాగా తాకట్టు పెట్టాలి. “జాగా పోతే మళ్ళా కొనలేము. వద్దంటే పిల్లవాని మనసు విరుగుతుంది. ఏం చెయ్యమంటారు?” అని అడుగుతున్నారు.

సిరిసిల్ల ఉత్తరం ఒక అమ్మాయిది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్నది. “మా బాపు సాంచాల మీద పనిచేస్తాడు. అమ్మ కండెలు చుట్టేది. రెండేళ్ళ కింద రొమ్ము కాన్సరుతో పోయింది. నేను చదివి ఆ జబ్బుకు మందు కనిపెడతానంటే మా మేనత్త నవ్వింది. నవ్వవలసిన మాటేనా?” అని వ్రాసింది.

ముగ్గురికీ విడివిడిగా జవాబు చెప్పేముందు అసలీ చదువేమిటో చూద్దాం. తగాదాలలో సగం ఆ సంగతి తెలియక వచ్చినవే.

మన పెద్దవాళ్ళు రాచపుండు అనేవారు. పేరెత్తటానికే జంకేవారు. ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో ఆ మాట పైకి అనరు, “ఆ జబ్బు” అంటారు. కాన్సర్ బయాలజీ ఆ జబ్బును నయంచేసే విద్య కాదు. ఆ జబ్బు ఒంట్లో ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, పుట్టినచోటు వదిలి మరోచోటికి ఎలా పాకుతుంది, మొదట పనిచేసిన మందు కొన్నాళ్ళకు ఎందుకు పనిచెయ్యటం మానేస్తుంది అనే ప్రశ్నలకు జీవకణంలో జవాబు వెదికే విద్య.

సిరిసిల్ల వాళ్ళకు దీన్ని చెప్పటం తేలిక. సాంచా నడుస్తూండగా పేక నూలు తెగిందనుకోండి. ఆగే ఏర్పాటు సరిగా ఉంటే సాంచా అక్కడే ఆగుతుంది. ఆ ఏర్పాటు చెడితే నూలు తెగినా సాంచా నడుస్తూనే ఉంటుంది, గుడ్డ పాడవుతుంది. మన ఒంట్లో కణాలు రోజూ చీలి రెండేసి అవుతూంటాయి. చీలేటప్పుడు లోపలి రాతలో, అంటే డి.ఎన్.ఏ.లో, తప్పులు దొర్లుతాయి. తప్పు దొర్లినప్పుడు కణాన్ని ఆపి, సరిచేసుకోమని చెప్పి, సరికాకపోతే నశించిపొమ్మనే ఏర్పాట్లు కూడా ఒంట్లోనే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది పి-53 అనే ప్రొటీను. దీన్ని 1979లో గుర్తించారు. మనుషులకు వచ్చే కాన్సర్లలో దరిదాపు సగంలో ఈ ఏర్పాటు చెడి ఉంటుందని తరువాత తేలింది.

ఈ చదువులో జీవరసాయనం, జన్యుశాస్త్రం, రోగనిరోధకశక్తి, గణాంకాలు నేర్పుతారు. చివర కొన్ని నెలలు ఒక ప్రయోగశాలలో చేరి సొంతంగా ఒక చిన్న ప్రశ్న మీద పనిచెయ్యాలి. అసలు చదువు అదే. కాన్సరు కణాలను సీసాలలో వేసి, మనిషి ఒంటి వేడిమి అయిన 37 డిగ్రీల దగ్గర పెంచుతారు. వాటికి వేళకు ఆహారం మార్చాలి. ఆదివారమని, పండగని ఆగటానికి వీల్లేదు. చేసిన ప్రయోగం పదిసార్లు చెడుతుంది, పదకొండోసారి వచ్చిన ఫలితం నిజమా కాదా అని మళ్ళీ చేసి చూడాలి. పసిపిల్లను సాకే ఓపిక, కిరాణా పద్దు వ్రాసే జాగ్రత్త, రెండూ ఉన్నవాళ్ళకు ఇది అచ్చి వస్తుంది.

ఇక జగిత్యాల మాస్టారి ప్రశ్న. ఈ డిగ్రీ ఉన్నవాళ్ళు రోగికి మందు వ్రాయరాదు, ఆపరేషన్ చెయ్యరాదు. ఆ మాట ముందే తెలుసుకోవాలి. కాని డాక్టరు వ్రాసే మందు ఎక్కడ నుంచి వచ్చింది? కణితి ముక్కను పరీక్షించి ఫలానా మందు ఈమెకు పనిచేస్తుంది, ఫలానాది పనిచెయ్యదు అని చెప్పే పరీక్ష ఎవరు తయారుచేశారు? ఆ పనిలో డాక్టర్లున్నారు, డాక్టర్లు కానివాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఒక ఇల్లు లేవాలంటే మేస్త్రీ ఒక్కడే చాలడు గదా!

మీ చుట్టాలకు డాక్టర్ కమల్ రణదివే కథ చెప్పండి. 1917లో పుణెలో పుట్టింది. ఆమె తండ్రి కూడా బోధకుడే, జీవశాస్త్రం చెప్పేవారు. కూతురు వైద్యం చదివి డాక్టరును పెళ్ళాడాలని ఆయన కోరిక. ఆమె వైద్యం చదవలేదు, డాక్టరును చేసుకోలేదు. 1939లో ఒక గణితశాస్త్రజ్ఞుణ్ణి చేసుకున్నది. పెళ్ళయిన తరువాతనే 1943లో ఎమ్మెస్సీ పూర్తిచేసింది, 1949లో డాక్టరేటు పుచ్చుకున్నది. ఆ ఎమ్మెస్సీ దేని మీదనుకున్నారు? సీతాఫలం కుటుంబపు మొక్కల క్రోమోజోముల మీద! కణంలోకి తొంగిచూడటం అక్కడ నేర్చుకున్నది. ఆ నేర్పుతోనే బొంబాయిలో డాక్టర్ ఖానోల్కర్ గారి దగ్గర చేరి, ఎలుకలలో వచ్చే రొమ్ము కాన్సరు మీద పనిచేసింది. వంశపారంపర్యానికీ, హార్మోనులకూ, వైరసుకూ ఈ జబ్బుతో ఉన్న సంబంధాన్ని వెదికిన తొలివాళ్ళలో ఆమె ఒకరు. ఒంటి కణాలను సీసాలో పెంచే ప్రయోగశాలను మన దేశంలో మొదట నెలకొల్పింది ఆమె. 1973లో మహిళా శాస్త్రజ్ఞుల సంఘం పెట్టింది. 1982లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 2001లో కన్నుమూసింది.

దీనిలో మీకు రెండు జవాబులున్నాయి. డాక్టరు సీటు రానివాళ్ళ చదువని దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు, ఇది మరో పని, అంతే. పెళ్ళికీ చదువుకూ పోట్లాట పెట్టనూ అక్కరలేదు. సంబంధం కుదిరితే, రెండేళ్ళు చదువు సాగుతుందనీ, ఆ తరువాత పరిశోధన అంటే మరో అయిదారేళ్ళు పట్టవచ్చుననీ అవతలివాళ్ళకు ముందే చెప్పండి. ఒప్పుకున్నవాళ్ళకే పిల్లనివ్వండి. పెళ్ళయ్యాక మెల్లగా చెప్పి ఒప్పిద్దాంలే అనుకున్నచోటనే చాలామంది ఆడపిల్లల చదువులు సగంలో ఆగిపోయినవి.

మీ అమ్మాయి ముందు చూడవలసినది డిగ్రీ పేరు కాదు. మన దేశంలో కాన్సర్ బయాలజీ అనే పేరుతోనే ఎమ్మెస్సీ ఇచ్చే చోట్లు తక్కువ. జీవరసాయనం, జంతుశాస్త్రం, జన్యుశాస్త్రం, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలలో అది ఒక పాఠంగా ఉంటుంది. తరువాత ప్రాజెక్టు కాన్సరు మీద చేసుకోవచ్చు. ఉస్మానియా, శాతవాహన వంటి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సి.పి.గెట్ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ఉన్నది. హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సి.యు.ఇ.టి. పి.జి. వ్రాయాలి, అక్కడి బయోటెక్నాలజీకి గాట్-బి అనే వేరే పరీక్ష. ఎక్కడ చేరినా, అక్కడి ఉపాధ్యాయులలో కాన్సరు మీద నిజంగా పనిచేస్తున్నవారు ఎవరు, వారు ఈ రెండు మూడేళ్ళలో ఏం ప్రచురించారు, పిల్లలచేత ప్రయోగం చేయిస్తారా లేక పుస్తకం చూసి వ్యాసం వ్రాయించి పంపిస్తారా అని అడిగి తెలుసుకోవాలి. పెళ్ళిసంబంధానికి అన్ని వాకబులు చేస్తాము గదా, దీనికీ చెయ్యాలి.

ఉద్యోగం మాట కూడా అడిగారు. ఎమ్మెస్సీతోనే ఆగితే రోగనిర్ణయ ప్రయోగశాలలు, మందుల కంపెనీలు, పరిశోధనా ప్రాజెక్టులలో సహాయకుల పనులు ఉంటాయి. హైదరాబాదు పక్కన షామీర్‌పేట ప్రాంతంలో 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీలో ఇలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి. మొదటి జీతాలు సాఫ్ట్‌వేరు పిల్లల జీతాలతో పోల్చవద్దు, మనసు కష్టపడుతుంది. పరిశోధనకు పోదలచుకుంటే సి.ఎస్.ఐ.ఆర్. వారి నెట్ పరీక్షలో జూనియర్ ఫెలోషిప్పు తెచ్చుకోవాలి. 2023 నుంచి ఆ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరే. అంటే డాక్టరేటు చదివే రోజులలో తండ్రి చెయ్యి చూడనక్కరలేదు.

ఇప్పుడు కోరుట్ల తల్లికి. అమ్మా, మీ ఉత్తరంలో మీరు అడగని ప్రశ్న ఒకటున్నది. అది ముందు చెబుతాను. మీ చాటలో ఉన్న తునికాకు, తంబాకు మీవాడి చదువుకు దూరపు వస్తువులు కావు. బీడీ తాగితే నోటికీ గొంతుకూ ఊపిరితిత్తులకూ కాన్సరు వస్తుందని అందరికీ తెలుసు. చుట్టేవాళ్ళ సంగతేమిటి? ముంబయిలోని కాన్సర్ పరిశోధనాలయంవారు ఈ ప్రశ్న వేసుకున్నారు. బీడీ తంబాకు ధూళిలో పనిచేసేవాళ్ళ రక్తం తీసి చూశారు. వాళ్ళ కణాలలో క్రోమోజోములు తెగటం, మారటం, ఆ పని చెయ్యనివాళ్ళలో కంటే ఎక్కువగా ఉన్నదని 1990లలో ప్రచురించారు. భయపడవద్దు. క్రోమోజోము తెగిన ప్రతి మనిషికీ కాన్సరు రాదు, నేను ఇందాక చెప్పిన ఆగే ఏర్పాట్లు ఉన్నవి అందుకే. కాని గాలి బాగా వచ్చేచోట కూర్చుని చుట్టండి. తంబాకు చేతులతో అన్నం తినకండి. పసిపిల్లలను ఆ గదిలో పడుకోబెట్టకండి. ఇదంతా మీకు చెప్పగలుగుతున్నది ఎవరో ప్రయోగశాలలో కూర్చుని లెక్కపెట్టబట్టి. కాన్సర్ బయాలజీ అంటే ఇదీ. మీవాడికి కావలసిన ప్రశ్న అమెరికాలోనే లేదు, మీ వాకిట్లోనూ ఉన్నది.

తెలుగునాట ఇలాంటి పని ఇంకొకటి జరిగింది. శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ అలవాటు ఉన్నది గదా, నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట తాగటం, అందులోనూ ఆడవాళ్ళు ఎక్కువ. అక్కడ 10,169 మంది పల్లెజనుల నోళ్ళు పరీక్షించి, అంగిట్లో పుట్టే మచ్చలకూ కాన్సరుకూ ఆ అలవాటుతో ఉన్న సంబంధాన్ని మన దేశపు శాస్త్రజ్ఞులూ డెన్మార్కు శాస్త్రజ్ఞులూ కలిసి 1971లో ప్రకటించారు. ప్రపంచమంతా చదివే వైద్యగ్రంథాలలో ఇప్పుడు అడ్డపొగ ప్రసక్తి ఉన్నదంటే ఆ పల్లెల పుణ్యమే. ప్రశ్న మన ఊళ్ళో దొరికింది, జవాబు లోకానికంతకూ పనికివచ్చింది.

ఇక జాగా సంగతి. అమెరికాలో ఎమ్మెస్ చదవాలంటే సాధారణంగా ఫీజంతా మనమే కట్టుకోవాలి. అదే జీవశాస్త్రాలలో పి.హెచ్.డి.కి చేర్చుకుంటే అక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు ఫీజు తామే భరించి, నెలనెలా బ్రతకటానికి డబ్బు కూడా ఇస్తాయి. అది దొరకటం సులభం కాదు, పోటీ చాలా ఎక్కువ. కాని ఇక్కడ మంచి చోట ఎమ్మెస్సీ చేసి, ఏడాదో రెండేళ్ళో ప్రయోగశాలలో పనిచేసి, నెట్ కూడా వ్రాసినవాడికి ఆ తలుపు తెరుచుకునే అవకాశం ఉన్నది. జాగా అమ్మి పోయే దారి ఒకటి, జాగా అమ్మకుండా పోయే దారి ఒకటి. రెండోది రెండేళ్ళు ఆలస్యం. ఆ రెండేళ్ళ ఖరీదు మీ ఇంటిజాగా అని మీవాడికి చెప్పండి. తెలివిగలవాడయితే ఆలోచిస్తాడు.

వెళ్ళటమే నిశ్చయమయితే ముందు సాయం వెదకండి. తెలంగాణ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల పిల్లలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతోనూ, దళిత, గిరిజన విద్యార్థులకు అంబేద్కర్ పేరుతోనూ విదేశీ విద్యానిధి ఇస్తున్నది. ఎంపికయినవాళ్ళకు 20 లక్షల రూపాయల దాకా వస్తుంది. మైనారిటీ విద్యార్థులకు వేరే పథకం ఉన్నది. ఆదాయపు పరిమితి, మార్కుల నిబంధన ఉంటాయి గనుక దరఖాస్తుకు ముందు ఆ ఏటి నియమాలు చూసుకోండి. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మికశాఖ సంక్షేమ నిధి నుంచి ఉపకారవేతనాలున్నాయి. మీ పేరున బీడీ కార్మికుల గుర్తింపు కార్డు లేకపోతే ముందు అది తీసుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకయినా పనికివస్తుంది. సీటు ఇప్పిస్తామని చెప్పే దళారీ మాట ఒక్కటే నమ్మి సంతకాలు పెట్టవద్దు. ఆ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల పని, ప్రాజెక్టు ఉన్నాయో లేదో, ఒట్టి తరగతి పాఠాలేనో మీవాణ్ణి స్వయంగా వ్రాసి అడగమనండి. చదువయిన తరువాత అక్కడ ఉండనిచ్చే వీసా నియమాలు ఏటేటా మారుతున్నవి. అప్పు మాత్రం మారదు.

దుబాయి నుంచి డబ్బు పంపే తండ్రికి ఎంత కష్టమో కోరుట్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆయన పన్నెండేళ్ళు ఇల్లు విడిచి ఉన్నది ఆ జాగా కోసమే అయితే, ఆయనను అడగకుండా తాకట్టు మాట ఎత్తవద్దు. ఫోనులో కాదు, సెలవు మీద వచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.

మూడో ఉత్తరానికి వస్తాను. అమ్మాయీ, నీ మాట నవ్వవలసింది కాదు. కాని మందు ఎలా కనిపెడతారో నీకు ఎవరయినా చెప్పి ఉంటే బాగుండేది. నేను చెబుతాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టినందుకు ఒక దొర ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఆయనకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికి దిగువనున్న ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే ఇచ్చారు. ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో గ్రహణి జబ్బుతో పోయారు. ఆయన 1922లో అమెరికా వెళ్ళారు. చదువుకుంటూ, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేశారు. హార్వర్డులో ఫిస్కె గారితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తి నిచ్చే పదార్థాలను వెదికిన పని తరువాతది. డాక్టరేటు వచ్చేసరికి 1930 అయింది. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తన అన్నదమ్ములను చంపిన గ్రహణికి పనికివచ్చే మందు అదే!

కాన్సరు సంగతి ఇక్కడ మొదలవుతుంది. కణం చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తపు కాన్సరులో తెల్లకణాలు విపరీతంగా చీలుతాయి గనుక వాటికి మరీ కావాలి. అచ్చం ఫోలిక్ ఆమ్లంలాగే కనిపిస్తూ, పని మాత్రం చెయ్యని పదార్థాన్ని ఇస్తే? తాళంలో దూరి తిరగని తాళంచెవి వంటిది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అడిగితే సుబ్బారావు గారి బృందం అలాంటివి చేసి ఇచ్చింది. అందులో అమినోప్టెరిన్ అనేదాన్ని ఫార్బర్ రక్తపు కాన్సరు ఉన్న పసిపిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గినట్టు 1948 జూన్‌లో ప్రకటించారు. తగ్గింది, కాని పోలేదు. కొన్ని నెలలకు తిరగబెట్టింది. అయినా మందుతో ఆ జబ్బును వెనక్కి నెట్టటం సాధ్యమని లోకం మొదటిసారి చూసింది. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో పోయారు. అప్పటికి 53 ఏళ్ళు. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉన్నది. తరువాతివాళ్ళు దశాబ్దాలపాటు ఒక మందుకు మరో మందు జోడిస్తూ పోగా, సంపన్న దేశాలలో ఇప్పుడు ఆ జబ్బు వచ్చిన పిల్లలలో పదింట తొమ్మండుగురు దాకా బ్రతుకుతున్నారు.

చూశావా! ఆయన కాన్సరుకు మందు కనిపెడతానని బయలుదేరలేదు. భాస్వరం కొలిచాడు, కండరంలో శక్తి ఎక్కడుందో చూశాడు, రక్తహీనతకు మందు వెదికాడు. ఒక్కొక్కటే చిన్న ప్రశ్న. దాన్ని సరిగా అడిగి సరిగా తేల్చాడు. కనిపెట్టినవాడు ఒక్కడూ కాడు. తయారుచేసినవాళ్ళు కొందరు, రోగికి ఇచ్చి కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు కొందరు, బిడ్డను తెచ్చి అప్పగించిన తల్లిదండ్రులు ఎందరో. ఇంకొక మాట. వదిలివెళ్ళిన దేశానికి ఆయన మళ్ళీ రాలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఆయనను మళ్ళీ చూడలేదు. మనం గర్వంగా చెప్పుకునే పెద్ద చదువుల వెనుక ఇంట్లో ఎవరో ఒకరు చెల్లించిన బాకీ ఉంటుంది. నీ చదువుకు మీ బాపు ఎన్ని రాత్రి షిఫ్టులు నడుపుతున్నాడో నీకు తెలుసు.

కనుక మీ అత్తకు ఇలా చెప్పు: “మందు కనిపెడతానని కాదు, మందు కనిపెట్టేవాళ్ళ బల్ల దగ్గర ఒక చోటు సంపాదించుకుంటాను.” ఈ మాటకు ఆమె నవ్వదు. అది రెండేళ్ళ ఎమ్మెస్సీతో మొదలు పెట్టగల పని.

ఇంకొక విషయం నీకు ముందుగా తెలియాలి. కాన్సరు ప్రయోగశాలలలో హీలా అనే కణాలు పెంచుతారు. అవి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. అయిదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోరులో గర్భాశయ ముఖద్వారపు కాన్సరుతో పోయింది. ఆమెను అడగకుండానే తీసిన ఆ కణాలు ఈనాటికీ సీసాలలో పెరుగుతూనే ఉన్నాయి. రొమ్ము కాన్సరు కణాలూ అలాగే ఎవరో ఒక తల్లివి. పొద్దున్నే సీసా తెరిచి చూసినప్పుడు నీకు మీ అమ్మ గుర్తుకు రావచ్చు. కొందరికి ఆ దుఃఖం పనిచెయ్యటానికి బలమవుతుంది. కొందరికి చెయ్యి ఆడదు. నువ్వు ఏ రకమో ముందు తెలుసుకోవటం మంచిది. అది తప్పు కాదు, చిన్నతనమూ కాదు. అదే జీవశాస్త్రంలో ఇంకా ఎన్నో శాఖలున్నాయి.

తెలుసుకోవటానికి మార్గమున్నది. మన దేశపు సైన్సు అకాడమీలు మూడు కలిసి ప్రతి ఏటా డిగ్రీ విద్యార్థులకు వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి. ఎంపికయితే రెండు నెలలు ఒక శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో పనిచెయ్యవచ్చు, ఖర్చులకు డబ్బు వాళ్ళే ఇస్తారు. హైదరాబాదు హబ్సిగూడలో 1977లో మొదలైన కణజీవశాస్త్ర కేంద్రం, అదే సి.సి.ఎం.బి., వంటి చోట్లకు పిల్లలు ఇలా వెళుతూంటారు. ప్రకటన వేసవికి చాలా నెలల ముందే వస్తుంది, గడువు దాటనివ్వకు. నీవు రెండో ఏడులోనే ఉన్నావు గనుక వ్యవధి ఉన్నది. కాలేజీలో నీకు పాఠం చెప్పే జంతుశాస్త్రం మేడమ్‌నో, సార్‌నో అడిగితే సిఫారసు ఉత్తరం వ్రాసి ఇస్తారు. దరఖాస్తులో మీ అమ్మ సంగతి వ్రాయాలని లేదు. పాఠంలో నీకు అర్థంకాని ఒక ప్రశ్న వ్రాయి, అది చాలు.

చివరగా నీ ఆరోగ్యం మాట. తల్లికి రొమ్ము కాన్సరు వచ్చినంత మాత్రాన కూతురికి వస్తుందని లేదు. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి అయిదు నుంచి పదిమందికే అది వంశపారంపర్యంగా వచ్చినది. అయినా మీ అమ్మకు చిన్నవయసులో వచ్చి ఉంటే, లేక మీ అమ్మమ్మకో పిన్నమ్మకో కూడా ఉంటే, ఆ సంగతి డాక్టరుతో చెప్పాలి. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిదే. మీ అమ్మ చికిత్స కాగితాలు ఎక్కడున్నా వెదికి, ఒక సంచిలో భద్రం చేసిపెట్టు. ఎప్పుడయినా డాక్టరు దగ్గరికి వెళితే అవి వెంట తీసుకుపో. మీ అత్తకు కూడా నలభై దాటి ఉంటే, ఆమెనూ వెంటబెట్టుకుని వెళ్ళు.